కట్టుడు పళ్ళు - వాటిని కడిగే మందులు

(మన సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిళ్ళలో దుబారా ఖర్చుల గురించి మాట్లాడుకుంటున్నాము. ఈసారి కార్యదర్శి గారు "మాస్టర్ సాబ్, మీరూ నాలుగు మాటలు చెప్పాలె" అని ఆజ్ఞాపించారు. మేము ఎంచుకున్న విషయం వినగానే ఆయన నవ్వారు. "మీటింగుల కట్టుడు పండ్ల ముచ్చటేంది సాబ్?" అన్నారు. నవ్వదగిన విషయమే, కాదనము. కానీ ఈ హాలులో కట్టుడు పళ్ళున్నవారు చేతులెత్తండి అంటే ఒక్క చెయ్యి కూడా లేవదు. సిగ్గు. ఆ సిగ్గు వల్లనే పళ్ళ సెట్టును ఎవరు దేనితో కడుగుతున్నారో ఒకరితో ఒకరం చెప్పుకోము. చెప్పుకోకపోవడం వల్లనే, కొడుకులు కష్టపడి డబ్బు కూడబెట్టి చేయించిన సెట్టు కొన్ని ఇళ్ళల్లో ఏడాది తిరగకుండానే పాడవుతున్నది.

మేము డాక్టర్లము కాము. ఉర్దూ మీడియం పాఠశాలలో లెక్కలు, సైన్సు చెప్పుకునే వాళ్ళము. అయినా ఈ విషయం మాట్లాడేందుకు మాకు ఒక అర్హత ఉన్నది. మా అమ్మీజాన్ పళ్ళ సెట్టును చేతులారా పాడు చేసినది మేమే.

మా ఇంట్లో జరిగిన సంగతి

మా అమ్మీజాన్ సూర్యాపేటలోని మా ఇంటి అరుగు మీద ముప్పై ఏళ్ళకు పైగా గల్లీ ఆడపిల్లలకు ఖాయిదా, సిపారా చదివించినది. అసర్ నమాజు కాగానే పిల్లలు చాప పరుచుకుని కూర్చునేవారు. ఫీజు లేదు, పుస్తకాల లెక్క లేదు. ఇక్కడ కూర్చున్న తల్లుల్లో కొందరు ఆ చాప మీద కూర్చున్నవారే.

ఆమె పుట్టి పెరిగినది ఫ్లోరైడు నీళ్ళ ఊళ్ళో. చిన్ననాటి నుండే పళ్ళ మీద గోధుమ రంగు చారలు, గుంటలు. పెద్దతనంలో చిగుళ్ళ జబ్బు కూడా తోడై ఒక్కొక్కటే రాలిపోయినవి. పై ముందు పళ్ళు పోయిన తరువాత అసలు కష్టం మొదలైంది. అది తిండి కష్టం కాదు. మఖ్రజు కష్టం.

ఖురాను చదివించే వారికి తెలుసు. అరబీలో ఫే అక్షరం పలకాలంటే పై ముందు పళ్ళ అంచు కింది పెదవి లోపలి భాగాన్ని తాకాలి. సే, జాల్, జోయ్ అక్షరాలకు నాలుక కొన పై ముందు పళ్ళ అంచును తాకాలి. పళ్ళే లేకపోతే తాకేది దేన్ని? అమ్మీ నోట ఫే వచ్చేసరికి గాలి తుస్సుమనేది. ఒకనాడు ఏడేళ్ళ పిల్ల ఒకతి పాఠం అప్పజెప్పుతూ ఆ తుస్సును కూడా అచ్చంగా దింపింది. పిల్లలందరూ నవ్వారు. అమ్మీ నవ్వలేదు. మరునాడు చాప పరవలేదు. "తప్పు చదువు నేర్పుడు కంటే నేర్పకపోవుడే మేలు బేటా" అని మాతో అన్నది.

అప్పుడు పట్నం తీసుకుపోయి పళ్ళు కట్టించాము. పైన పూర్తి సెట్టు, కింద కొద్దిపళ్ళ సెట్టు, దానికి తీగ కొక్కేలు. నెల రోజులు తిప్పలు పడి అలవాటు చేసుకున్నది. ఫే తిరిగి వచ్చింది. చాప తిరిగి పరిచింది.

అయితే అమ్మీకి పాన్ అలవాటు. సున్నం, కాసు, అప్పుడప్పుడు కొంచెం జర్దా. రెండేళ్ళకు సెట్టు మీద ఎర్ర నలుపు మరక గట్టిగా పట్టింది. అంతలో మిర్యాలగూడలో మా ఆపా కూతురు నికా కుదిరింది. "ఈ పండ్లు వేసుకొని నలుగురిలో ఎట్ల కూసుంట?" అన్నది అమ్మీ. మేము సైన్సు మాస్టర్లము గదా! బాత్‌రూము గచ్చు తెల్లగా చేసే బ్లీచింగు ద్రావకం ఇంట్లో ఉన్నది. దాన్ని గిన్నెలో పోసి, నీళ్ళు కలపకుండా, సెట్టును రాత్రంతా అందులో ముంచి ఉంచాము.

తెల్లవారి చూస్తే మరక సగం పోయింది. ఇల్లంతా సంతోషించాము. ఆ సంతోషమే కొంప ముంచింది. ఎనిమిది రాత్రులు అట్లనే చేశాము. ఎనిమిదో నాటికి మరకతో పాటు చిగుళ్ళ గులాబీ రంగు కూడా పోయి, సెట్టు సుద్దముక్క మాదిరి తెల్లగా పాలిపోయింది. వేలు పెట్టి చూస్తే గరుకు. కింది సెట్టు కొక్కేలు నల్లబడి మచ్చలు తేలినవి. పైగా బ్లీచింగు కంపు. ఆ కంపు పోవాలని సలసల కాగిన నీళ్ళు పోశాము. కంపు పోయింది. ఆపైన సెట్టు నోట్లో కూర్చోలేదు. అంగిలికి అతకదు, మాట్లాడితే జారుతుంది.

నికాకు అమ్మీ వచ్చింది గానీ దుపట్టా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నది. ఎవరు పలకరించినా తల ఊపింది తప్ప నోరు విప్పలేదు. ఇంటికి వచ్చాక చాప మళ్ళీ చుట్టి మూల పెట్టింది.

డాక్టరు గారు వేసిన మూడు ప్రశ్నలు

సెట్టు పట్టుకుని దంత వైద్యుల దగ్గరికి పోయాము. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి మూడు ప్రశ్నలు అడిగారు. "ఎంత గాఢమైన మందు పోశారు? ఎంతసేపు ఉంచారు? నీళ్ళు ఎంత వేడి?" మూడింటికీ మా దగ్గర జవాబు లేదు. కొలత వేయకుండా లెక్క చేసిన పిల్లవానికి మేము సున్నా వేస్తాము. ఆ రోజు ఆ సున్నా మాకు పడింది.

సోదరులారా, ఇవాళ మేము చెప్పదలచిన అసలు మాట ఇంతే. పళ్ళ సెట్టును పాడు చేసేది మందు ఒక్కటే కాదు, కొలత తప్పిన మందు. గాఢత, సమయం, వేడి - ఈ మూడు తెలియకుండా ఏ మందూ ముట్టుకోరాదు. వీటికి తోడు నాలుగో ప్రశ్న ఒకటి: ఆ సెట్టు దేనితో చేసినది?

సెట్టు దేనితో చేస్తారు?

వెనుకటి రోజుల్లో కట్టుడు పళ్ళ పీఠాన్ని గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరుతో చేసేవారు. 1930ల చివర్లో ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్ వచ్చింది. దాని పూర్తి పేరు పాలీ మిథైల్ మెథాక్రిలేట్. అప్పటి నుండి ఇప్పటి వరకు లోకంలో ఎక్కువ సెట్లు దీనితోనే చేస్తున్నారు. మన పెద్దల నోళ్ళల్లో ఉన్న గులాబీ రంగు పీఠం చాలావరకు ఇదే. కొందరికి కోబాల్టు, క్రోమియం కలిసిన లోహపు చట్రం ఉంటుంది. కొద్దిపళ్ళ సెట్టుకు ఉక్కు తీగ కొక్కేలుంటాయి. ఈ మధ్య వంగే రకం నైలాను సెట్లు కూడా వేస్తున్నారు. చిగుళ్ళు నొప్పిపెట్టే వారికి పీఠం లోపలి వైపున మెత్తటి పొర అతికిస్తారు.

ఆక్రిలిక్ గుణాలు కొన్ని గుర్తుంచుకోవాలి. అది చూడటానికి గాజులా గట్టిది గానీ నీళ్ళు పీలుస్తుంది. నీళ్ళల్లో ఉంటే ఒక కొలతకు నిలిచి ఉంటుంది, ఎండబెడితే కుంచించుకుని ఆకారం తప్పుతుంది. మరిగే నీళ్ళ వేడికి లోపల అణిగి ఉన్న బిగువు సడలి వంకరపోతుంది. వెంట్రుక మందం తేడా వచ్చినా అంగిలికి పట్టు పోతుంది. పట్టు పోయిన సెట్టు నమిలినప్పుడల్లా ఊగుతుంది, ఊగినప్పుడల్లా నడిమిట్ల ఒత్తిడి పడుతుంది, చివరకు అక్కడే పగులుతుంది.

ఇంకొకటి గరుకుదనం. నునుపు పలక మీద సుద్ద సరిగా పట్టదు, గరుకు పలక మీద పడుతుంది. సెట్టు పై భాగం గరుకైతే పాచి, పాన్ మరక, కాండిడా అనే బూజు జాతి సూక్ష్మజీవి అన్నీ అందులో చోటు చేసుకుంటాయి. సెట్టు కింద అంగిలి ఎర్రబడి మండటం చాలామందిలో చూస్తాము. దానికి ఈ బూజు ఒక ముఖ్య కారణం. అంటే తెల్లగా చేయాలని గీకిన కొద్దీ అది తొందరగా మళ్ళీ మాసిపోతుంది. మాసిందని ఇంకా గీకుతాము. ఇది అప్పు మీద వడ్డీ వంటిది.

నల్లగొండ నీళ్ళు నేర్పిన పాఠం

కొలత అంటే ఏమిటో మన జిల్లా వారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2016లో సూర్యాపేట వేరే జిల్లా అయినది గానీ నీళ్ళకు జిల్లా హద్దులు తెలియవు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలని, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఓర్చుకోవచ్చునని మన దేశపు ప్రమాణం. మితంగా ఉంటే ఫ్లోరైడు పళ్ళకు బలమే. మితి మీరినందువల్లనే మా అమ్మీ వంటి వేలమందికి చిన్ననాడే పళ్ళు గారపట్టి గుంటలు పడినవి, మరి కొందరికి ఎముకలే వంకరపోయినవి.

ఆ ఫ్లోరైడును తీసివేయడానికి 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వారు ఒక పద్ధతి రూపొందించారు. దానికి మన నల్లగొండ పేరే పెట్టారు. లోకమంతా దాన్ని నల్లగొండ పద్ధతి అంటారు. అందులో వాడేది గొప్ప గొప్ప రసాయనాలేమీ కావు. పటిక, సున్నం, కొంచెం బ్లీచింగు పొడి. కొలత ప్రకారం నీళ్ళల్లో కలిపి, కలియబెట్టి, తేరుకోనిచ్చి, పై నీళ్ళు వడకట్టుకోవాలి. నీళ్ళల్లో ఫ్లోరైడు ఎంత ఉన్నదో, కారగుణం ఎంత ఉన్నదో చూసి పటిక ఎంత వేయాలో లెక్క కడతారు. బ్లీచింగు పొడి నీళ్ళల్లోని క్రిములను చంపేందుకు.

చూడండి. అదే బ్లీచింగు జాతి మందు. వారు కొలిచి వేసి ఊళ్ళకు నీళ్ళిచ్చారు. మేము కొలవకుండా పోసి తల్లి పళ్ళు పోగొట్టాము.

మూడు ఊళ్ళ అనుభవాలు

మా సంగతి బయటపడిన తరువాత బంధువులు, స్నేహితులు ఒక్కొక్కరే తమ తమ సంగతులు చెప్పసాగారు. సిగ్గు తెర ఒకరు తీస్తే చాలు.

మిర్యాలగూడలో మా ఆపా మామగారున్నారు. రైసు మిల్లుల ఊరు గదా, ఊక బూడిదకు కరువు లేదు. ఆయన చిన్ననాటి నుండి ఊక బూడిదతోనే పళ్ళు తోముకున్నారు. కట్టుడు పళ్ళు వచ్చినా అదే అలవాటు, అదే బూడిద, అదే బలం. ఊక బూడిదలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా సిలికా, అనగా ఇసుకలో ఉండే పదార్థమే. పుట్టుకతో వచ్చిన పన్ను పై పొర ఎంతో గట్టిది, అయినా ఆ రాపిడికి అరుగుతుంది. ఆక్రిలిక్ దానికంటే చాలా మెత్తనిది. మూడేళ్ళల్లో ఆయన సెట్టు ముందు పళ్ళు సానబెట్టినట్టు చదునైపోయినవి. పీఠం నిండా గీతలు. ఎర్ర పళ్ళపొడి, బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడి - అన్నింటిదీ ఇదే కథ. మనం రోజూ తోముకునే పేస్టులో కూడా సన్నని రాపిడి పొడి ఉంటుంది. నోట్లో పళ్ళకు అది సరే, సెట్టుకు వద్దు. మిస్వాక్ మన నోటి పళ్ళకు, చిగుళ్ళకు మంచిది. కానీ దాని గట్టి పీచుతో ఆక్రిలిక్ సెట్టును రుద్దకండి.

కోదాడలో మాకు దూరపు బంధువు ఒకాయన హైవే పక్కన లారీలకు రంగులు వేసే పని చేస్తారు. ఆయనకు ముందు నాలుగు పళ్ళు కట్టుడువి. జర్దా మరక పోవడం లేదని చేతిలో ఉన్న థిన్నర్ గుడ్డతో తుడిచారు. మరక పోయింది. ఆ వెంటనే పై భాగం బంకబంకగా అయి, ఆరిన తరువాత వెంట్రుకల్లాంటి పగుళ్ళు తేలినవి. రంగులను కరిగించే థిన్నర్ ఆక్రిలిక్‌ను కూడా పట్టుకుంటుంది. గోళ్ళ రంగు తుడిచే అసిటోన్ అయితే దాన్ని ఏకంగా కరిగిస్తుంది. స్పిరిటు ఎక్కువగా ఉన్న ద్రావకాలలో నానబెట్టినా ఇటువంటి సన్న పగుళ్ళే వస్తాయి. కొంతకాలానికి ఒకనాడు మటన్ ముక్క కొరికితే ఆ సెట్టు సరిగ్గా ఆ పగులు దగ్గరే రెండు ముక్కలైంది.

ఇక సూర్యాపేట కథ మాదే, విన్నారు.

మూడు ఊళ్ళల్లో మూడు రకాల తప్పులు. మిర్యాలగూడలో రాపిడి, కోదాడలో కరిగించే ద్రావకం, సూర్యాపేటలో గాఢమైన బ్లీచింగు, దాని మీద వేడినీళ్ళు. ముగ్గురూ మంచి ఉద్దేశంతోనే చేశారు. శుభ్రత కోసమే చేశారు.

ఏ మందు ఏం చేస్తుంది?

దంత వైద్యులను అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకున్న విషయాలు ఒక్కొక్కటిగా మనవి చేస్తాము.

బ్లీచింగు ద్రావకం. దీని సారం సోడియం హైపోక్లోరైట్. ఇది చెడ్డ మందు కాదు. పాచిని విడగొడుతుంది, కాండిడాను చంపుతుంది. కానీ గాఢంగా, ఎక్కువసేపు ఉంచితే గులాబీ రంగును తినేస్తుంది, లోహాన్ని తుప్పు పట్టిస్తుంది, మెత్తటి పొరను చెడగొడుతుంది. పూర్తి సెట్ల సంరక్షణ గురించి అమెరికా దేశపు కృత్రిమ దంత నిపుణుల కాలేజీ వారు 2011లో ప్రకటించిన సూచనలలో, దీనిలో 10 నిమిషాలకు మించి ఉంచరాదని స్పష్టంగా చెప్పారు. గాఢత నూటికి అర పాలు చాలు. డబ్బా మీద 5 శాతం అని ఉంటే ఒక చెంచా మందుకు తొమ్మిది చెంచాల నీళ్ళు. అప్పుడు అర శాతం అవుతుంది. మా ఐదో తరగతి పిల్లలు చేసే లెక్క. మేము చేయలేదు. ఇది కూడా డాక్టరు గారు సరేనన్న పూర్తి ఆక్రిలిక్ సెట్టుకే. కొక్కేలు, లోహపు చట్రం, మెత్తటి పొర ఉన్నవాటికి పనికిరాదు. సువాసనలు, సబ్బు నురగ కలిపిన గచ్చు కడిగే రకాలు అసలే వద్దు.

నురగ బిళ్ళలు. మందుల దుకాణాలలో దొరుకుతాయి. నీళ్ళల్లో వేస్తే బుసబుస పొంగుతాయి. వీటిలో ఆక్సిజనును వదిలే పెరాక్సైడు జాతి ఉప్పులుంటాయి. పెట్టె మీద రాసిన సమయం, నీళ్ళ వేడి పాటిస్తే ఆక్రిలిక్‌కు బ్లీచింగు కంటే సౌమ్యమైనవి. మసిలే నీళ్ళల్లో వేస్తే ఇవి కూడా సెట్టును తెల్లబరుస్తాయి. మెత్తటి పొర ఉంటే మాత్రం ముందు డాక్టరును అడగండి. ఇంకొక జాగ్రత్త. కొన్ని బిళ్ళల్లోని పర్‌సల్ఫేట్ అనే పదార్థం కొందరికి అలర్జీ తెస్తుందని 2008లో అమెరికా ప్రభుత్వపు ఔషధ సంస్థ హెచ్చరించింది. కాబట్టి ఆ నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించరాదు, బిళ్ళ చప్పరించరాదు. సెట్టును బయట నానబెట్టి, బాగా కడిగిన తరువాతే పెట్టుకోవాలి. బిళ్ళలను మనవలకు అందకుండా దాచండి. అవి చూడటానికి మిఠాయి బిళ్ళల మాదిరే ఉంటాయి.

వెనిగర్, అనగా సిర్కా. మన బోరు నీళ్ళు గట్టివి. గిన్నెల అడుగున సున్నపు పొర కట్టినట్టే సెట్టు మీద కూడా తెల్లని పొర పేరుకుంటుంది. లాలాజలం వల్ల గార కూడా కడుతుంది. నీళ్ళు కలిపిన తెల్ల సిర్కాలో కొద్దిసేపు ఉంచితే అది మెత్తబడి బ్రష్షుకు వస్తుంది. చాకుతో, సూదితో గీకకండి. ఆమ్లం గనుక లోహం ఉన్న సెట్టుకు ఇది కూడా మంచిది కాదు.

బాత్‌రూము యాసిడు. దీన్ని కూడా వాడినవారున్నారని విని భయపడ్డాము. ఎంత మాత్రం వద్దు. ఇంకా ముఖ్యమైన హెచ్చరిక: బ్లీచింగులో యాసిడు గానీ, సిర్కా గానీ, నిమ్మరసం గానీ ఎన్నడూ కలపకండి. క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. తలుపు మూసిన బాత్‌రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇది పళ్ళ మాట కాదు, ప్రాణాల మాట.

క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందు. డాక్టర్లు కొన్నాళ్ళకు రాసిస్తారు, మంచి మందు. రోజూ ఏడాది పొడుగునా అందులో నానబెడితే సెట్టు మీద గోధుమ రంగు మరక పడుతుంది. చెప్పినన్నాళ్ళే వాడాలి.

సబ్బు, నీళ్ళు. అన్నింటికంటే చవకది, అన్నింటికంటే మేలైనది. గిన్నెలు కడిగే ద్రవ సబ్బు ఒక చుక్క, మెత్తటి బ్రష్షు, చల్లని లేదా గోరువెచ్చని నీళ్ళు. ఇంత కష్టపడి వెతికిన తరువాత తేలింది ఇదేనా అని మీరు అనవచ్చు. మేము కూడా అట్లనే అనుకున్నాము.

రోజూ చేయవలసినది

ప్రతి భోజనం తరువాత సెట్టు తీసి నీళ్ళతో కడగండి. రంజానులో సహరీ తరువాత ఇది మరువకండి. వుజూ, ఘుస్ల్ సమయాల్లో సెట్టు తీయాలా, అక్కరలేదా అన్న మసలా ఆలిములను అడగండి, అది మా హద్దు కాదు. మా మాట కడగడం వరకే.

కడిగేటప్పుడు కింద నీళ్ళు నింపిన బకెటు గానీ, మడత పెట్టిన తువ్వాలు గానీ పెట్టండి. సబ్బు చేతిలో నుండి జారి గచ్చు మీద పడి పగిలిన సెట్లు ఎన్నో.

రాత్రి పడుకునేటప్పుడు సెట్టు తీయండి. చిగుళ్ళకు విశ్రాంతి కావాలి. తీసిన దానిని మూత ఉన్న డబ్బాలో మంచినీళ్ళు పోసి ముంచి ఉంచండి. రుమాలులో చుట్టి కిటికీలో పెట్టకండి. ఆరి ఆకారం తప్పుతుంది. తెల్లవారి ఆ నీళ్ళు పారబోయండి.

పగిలితే క్షణంలో అంటుకునే జిగురుతో ఇంట్లో అతికించకండి. ముక్కలు సరిగా కలవవు, ఆ జిగురు నోట్లో పెట్టదగినది కాదు. ముక్కలన్నీ జాగ్రత్తగా పట్టుకుని డాక్టరు దగ్గరికి పోతే చాలాసార్లు బాగు చేస్తారు. దూరమనకండి. మన దారిలోనే నార్కట్‌పల్లి దగ్గర కామినేని దంత వైద్య కళాశాల ఉన్నది. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నది.

ఇంకొక మాట. సెట్టు వదులైన ప్రతిసారీ తప్పు మందుది కాదు. పళ్ళు పోయిన దవడ ఎముక ఏళ్ళ మీద మెల్లగా అరుగుతూనే ఉంటుంది. అందుకని ఏడాదికొకసారి చూపించుకోవాలి. సెట్టు కింద ఎర్రబడినా, పుండు రెండు వారాలు దాటి మానకపోయినా ఆగవద్దు. ముఖ్యంగా జర్దా, గుట్కా అలవాటున్న వారు.

సొసైటీకి మా మనవి

ముగింపుగా కార్యవర్గానికి ఒక చిన్న మనవి. మన సొసైటీ ప్రతి సంవత్సరం పిల్లలకు నోటుబుక్కులు పంచుతున్నది. ఈ ఏడు నుండి కట్టుడు పళ్ళున్న పెద్దలకు మూత ఉన్న ఒక డబ్బా, ఒక మెత్తటి బ్రష్షు, తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిన ఒక కాగితం ఇద్దాము. ఖర్చు తక్కువ. పేర్లు బహిరంగంగా చదవవద్దు. ఇంటి ఆడవాళ్ళ ద్వారా చేరవేద్దాము. కాగితం రాసే పని మేము ఒప్పుకుంటాము, దిద్దే పని డాక్టర్లకు అప్పజెప్పుదాము. ఆ కాగితం మీద పెద్ద అక్షరాలతో నాలుగు ప్రశ్నలుంటే చాలు. సెట్టు దేనితో చేసినది? మందు ఎంత గాఢం? ఎంతసేపు? ఎంత వేడి?

కొడుకులకు, కోడళ్ళకు కూడా ఒక మాట. వయసు మీరిన వారికి చూపు ఆనదు, చేతులు వణుకుతాయి. సెట్టు కడగడం వారికి కష్టం. మనల్ని అడగడానికి నామోషీ. అడగకముందే ఆ డబ్బా మనం అందుకుంటే తప్పేమీ లేదు. మన పాల పళ్ళు తోమినది వారే గదా.

మా అమ్మీ సంగతి చెప్పి ముగిస్తాము. పాత సెట్టు బాగుపడలేదు. పీఠం వంకరపోయింది గనుక కొత్తది చేయించవలసి వచ్చింది. ఆ నాలుగు నెలలు అమ్మీ మెత్తటి అన్నం, పప్పుచారుతో గడిపినది. ఒక్కనాడు కూడా మమ్మల్ని ఒక మాట అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బరువైంది. కొత్త సెట్టు వచ్చిన తరువాత కూడా కొన్నాళ్ళు చాప ముట్టలేదు. ఒకనాడు అసర్ తరువాత మేము బడి నుండి వచ్చేసరికి అరుగు మీద ముగ్గురు పిల్లలు కూర్చుని ఉన్నారు. అమ్మీ కింది పెదవి మీద వేలు పెట్టి చూపిస్తూ "ఇక్కడ తాకాలె బిడ్డా, ఫే" అంటున్నది.

ఇప్పుడు రోజూ ఇషా నమాజు తరువాత ఆ సెట్టు కడిగే పని మాది. ఒక చుక్క సబ్బు, చల్లని నీళ్ళు, మెత్తటి బ్రష్షు. పాన్ మరక కొంచెం ఉన్నది. ఉండనిస్తున్నాము.